పదిహేడంగుళాల బల్లలు

నేను స్కూలు బోర్డు మెంబరునయ్యానంటే అందులో నా గొప్పతనం రవ్వంత కూడా లేదు. తప్పంతా ఆ 'బోర్డు' అనే మాటది. ఒక్క మాటకి అన్ని అర్థాలు పెట్టినవాణ్ణి నిలదీయాలి గాని, నన్ను చూసి నవ్వడం న్యాయం కాదు.

నేను వడ్రంగిని. అందరూ మేస్త్రీ అంటారు. ఒకరోజు పొద్దున దుకాణంలో తలుపు చెక్కకి చిత్రిక పడుతుంటే స్కూలు గుమస్తా ఫోను చేశాడు. "మేస్త్రీగారూ, మన బోర్డులో ఒక చోటు ఖాళీ అయింది. హెడ్ మేడం మీ పేరే చెప్పారు. ఒకసారి వచ్చి వెళ్తారా?" అన్నాడు. సరే, నల్లబోర్డు చెక్క ఏదో ఊడిపడిందనుకున్నాను. "ఎంత మేర?" అని అడిగాను. "మూడేళ్ళండీ" అన్నాడట. పక్కన మిషను రంపం నడుస్తోంది. నాకు మూడడుగులని వినిపించింది.

మూడడుగుల ప్లైవుడ్ ముక్క చంకలో పెట్టుకుని వెళ్ళాను. గుమస్తా ఒక కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. పని ఒప్పుకున్నట్టు కాగితమే కదా అని గీకేశాను. "ఎప్పటికి కావాలి?" అంటే "శనివారం నాలుగింటికి" అన్నాడు. "అప్పటికి పూర్తి చేసేస్తాను" అన్నాను. వాడు నా ఉత్సాహం చూసి మురిసిపోయాడు కూడా.

శనివారం పనిముట్ల పెట్టె మోసుకుని వెళ్తే, మీటింగు గదిలో నలుగురు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను గోడలకేసి చూస్తున్నాను, విరిగిన బోర్డు ఎక్కడుందా అని. హెడ్ మేడం నవ్వుతూ, "మన కొత్త సభ్యులకి స్వాగతం. ఏకగ్రీవం!" అంది. ఏకగ్రీవం కాక ఏమవుతుంది, ఆ చోటు కోసం దరఖాస్తు పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయితే! అప్పుడు గాని నాకు బోధపడలేదు. ఇంకొకరైతే గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవారు. కానీ సంతకం పెట్టాక పని వదిలేసే అలవాటు నాకు లేదు. పెట్టె బల్ల కిందకి తోసి కూర్చున్నాను.

మిగతా నలుగురి గురించి చెప్పాలి. అధ్యక్షుడు రిటైరైన స్టేషన్ మాస్టరు. మాట్లాడే ముందు వాచీ చూసుకుంటాడు, మాట్లాడాక ఇంకోసారి చూసుకుంటాడు. రెండో ఆయన పళ్ళ డాక్టరు. మూడో ఆవిడ స్కూలెదురుగా పుస్తకాల షాపు నడుపుతుంది. నాలుగో మనిషి హెడ్ మేడం. వీళ్ళ మధ్య నేను, నాలుగో క్లాసు.

ఆ రోజు రెండు అంశాలు నడుస్తుంటే ఆవులింతలు ఆపుకోవడంతోనే సరిపోయింది. మూడో అంశం స్టేషన్ మాస్టరు చదివాడు. రెండో క్లాసు పిల్ల ఒకతెని మళ్ళీ ఒకటో క్లాసుకి పంపాలని ఆ క్లాసు టీచరు రాసింది. సంవత్సరం మధ్యలో కింది క్లాసుకి దింపాలంటే బోర్డు ఒప్పుకోవాలట. ఆయన గొంతు సవరించుకుని ఆ కాగితం చదివాడు. "తెలివి ఉంది. కుదురు లేదు. పాఠం మధ్యలో పదేపదే లేస్తుంది. చుట్టూ తిరుగుతుంది. పక్క పిల్లల చదువు పాడవుతోంది."

కుదురు లేదు. ఆ రెండు మాటలూ విని నా ఆవులింత సగంలో ఆగిపోయింది.

ఎందుకంటే అవి నావి. నా ప్రోగ్రెస్ కార్డు మీద ప్రతిసారీ అవే రెండు మాటలు ఉండేవి. మా అమ్మకి చదువు రాదు. పక్కింటావిడ చేత చదివించుకునేది. ఆవిడ "కుదురు లేదంట వదినా" అని చదవడం, అమ్మ నన్ను వెతుక్కుంటూ రావడం, నేను మంచం కింద దూరడం. ఇదీ మా ఇంట్లో పరీక్షల కాలం. నాలుగో క్లాసులో నన్ను రెండుసార్లు ఉంచేశారు. మూడో ఏడు నా తమ్ముడు పైకొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. వాడు పాపం నాకు తన పెన్సిలు కూడా ఇచ్చాడు. ఆ సాయంత్రమే నాన్నతో చెప్పేశాను, నేను ఇంక బడికి వెళ్ళను, దుకాణానికి వస్తానని. దుకాణంలో నిలబడి పని చెయ్యాలి. నిలబడితే నాకు ఏ గొడవా లేదు.

ఇదంతా ఆ మీటింగులో చెప్పలేదు. "ఆ పిల్లని నేనొకసారి చూడాలి" అన్నాను.

"చూడటానికి ఏముందండీ? టీచరు రాసింది కదా" అన్నాడు డాక్టరు.

"మీరు పన్ను చూడకుండానే పీకుతారా?" అన్నాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఏం చేసేది. పుస్తకాల షాపావిడ ఫక్కున నవ్వింది. స్టేషన్ మాస్టరు వాచీ చూసుకుని, "రెండు వారాలు. వచ్చే మీటింగులో తేల్చేద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. మా అమ్మ మాత్రం నవ్వలేదు. ఎనభై ఏళ్ళు దాటినా ఆవిడ నాలుకకి ముసలితనం రాలేదు. "వీడా? బోర్డులోనా? అక్కడ కూర్చోవాలి కదే! వీడికి కూర్చోవడం వచ్చా?" అని మా ఆవిణ్ణి అడిగింది.

దానికి తోడు గుమస్తా ఒక ఫారం ఇచ్చాడు. సభ్యుల ఫొటోతో పాటు గోడకి అంటిస్తారట. రెండే ప్రశ్నలు. ఒకటి నేపథ్యం, రెండోది విద్యా ప్రాధాన్యాలు. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది కాబట్టి మా ఆవిడ కలం పట్టుకుంది.

"నేపథ్యం అంటే ఏం రాయమంటారు?" అంది.

"నేపథ్యం అంటే ఏంటే?" అంది అమ్మ.

"మనిషి వెనకాల ఏముందో అది, అత్తయ్యా."

"వీడి వెనకాల ఏముంది, లాగుకి అంటుకున్న రంపప్పొట్టు తప్ప!"

"మిగతావాళ్ళు ఏం రాశారో చూసొచ్చాను" అన్నాను. "స్టేషన్ మాస్టరు 'క్రమశిక్షణ, సమయపాలన' అని రాశాడు. పుస్తకాల షాపావిడ 'ప్రతి విద్యార్థికీ తగినన్ని నోటుపుస్తకాలు' అని రాసింది. డాక్టరు 'సర్వతోముఖాభివృద్ధి' అన్నాడు."

"పళ్ళ డాక్టరు కదా, ముఖం వదల్లేదు" అంది మా ఆవిడ. చివరికి నేపథ్యం దగ్గర 'వడ్రంగం, నలభై ఆరేళ్ళు' అని రాసింది. రెండోది ఖాళీగా ఉంచేసింది. చదువు మీద నాకు ప్రాధాన్యం ఏముంటుంది? చదువుకే నా మీద ప్రాధాన్యం లేకపోయింది.

సోమవారం పొద్దున్నే స్కూలుకి వెళ్ళాను. రెండో క్లాసు టీచరు చిన్నపిల్ల. కొత్తగా ఉద్యోగంలో చేరింది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. ఆవిడ్ని చూడగానే నాకు కోపం సగం తగ్గింది. గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. వెనక కిటికీ రెక్క బిగించే వంకతో గది మూలన చేరాను.

పిల్లని వెతుక్కునే అవసరం లేకపోయింది. మూడో వరుసలో, రెండు జడలు. క్లాసులో అందరూ దాన్ని బొంగరం అంటారు. మొదట బుద్ధిగానే కూర్చుంది. అయిదు నిమిషాలకి ఒక కాలు మడిచి కింద పెట్టుకుంది. ఇంకో రెండు నిమిషాలకి ఆ కాలు తీసి ఇంకోటి పెట్టుకుంది. తర్వాత ముందుకి జారింది. బల్ల అంచు మీద తొడలు ఆనీ ఆనకుండా వేలాడింది. తర్వాత లేచి నిలబడింది. "కూర్చో" అంది టీచరు. కూర్చుంది. మళ్ళీ మొదలు. పదో నిమిషంలో లేచి తన చుట్టూ తనే ఒక చుట్టు తిరిగింది. పిల్లలందరూ నవ్వారు. "చూశారా?" అన్నట్టు టీచరు నాకేసి చూసింది.

చూశాను. కానీ నేను దాని కాళ్ళకేసి చూస్తున్నాను. వడ్రంగివాడికి మనిషి మొహం కన్నా ముందు మనిషి ఆనుకున్నది కనిపిస్తుంది. ఆ పిల్ల కాళ్ళు నేలకి అయిదారంగుళాల ఎత్తున గాలిలో ఊగుతున్నాయి.

విరామంలో పిల్లలందరూ బయటికి పరిగెత్తారు. బొంగరం మాత్రం నా టేపు చూడటానికి ఆగిపోయింది. "తాతా, అది లాగితే దానంతటదే లోపలికి పోతుందా?" అంది.

"పోతుంది. ముందు నిన్ను కొలవనీ. మోకాలి దగ్గర్నుంచి మడమ దాకా." పదకొండున్నర అంగుళాలు. బల్ల కొలిచాను. పదిహేడు.

"ఎందుకు తల్లీ అన్నిసార్లు లేస్తావు?" అన్నాను.

"కాళ్ళల్లో చీమలు పాకుతాయి తాతా" అంది. "లేచి తిరిగితే పోతాయి." తర్వాత గొంతు తగ్గించి అంది. "నన్ను ఒకటో క్లాసులోకి దింపేస్తారంట. అమ్మ ఇస్త్రీ షాపులో ఏడ్చింది. ఒకటో క్లాసులో మా తమ్ముడున్నాడు తాతా. వాడి పక్కన కూర్చోవాలంట. నాకు ఎక్కాలు పన్నెండు దాకా వచ్చు. చెప్పనా?"

"చెప్పు" అన్నాను. నిలబడి పన్నెండో ఎక్కం గడగడా చెప్పేసింది, ఎక్కడా తడుముకోకుండా. నాకు పన్నెండో ఎక్కం ఇప్పటికీ సరిగ్గా రాదు. తప్పు చెప్పినా తెలుసుకోలేను. అయినా శభాష్ అన్నాను.

అది వెళ్ళిపోయాక నేను ఆ బల్ల మీదే కూర్చున్నాను. నేను పొట్టివాణ్ణి. చిన్నప్పుడు మరీ పొట్టి. మా బళ్ళో బల్లలు కూడా పెద్ద పిల్లలవే, పై క్లాసులవాళ్ళు వదిలేసినవి. కాళ్ళల్లో చీమలు! ఎన్నేళ్ళకి విన్నాను ఆ మాట! నాకూ పాకేవి. తొడ కింద అంచు కోసుకునేది. పాదం ఉందో ఊడిందో తెలిసేది కాదు. లేచి ఒక్కసారి నేల మీద కాలు తాటించేవాణ్ణి, ప్రాణం లేచొచ్చేది. వీపు మీద దెబ్బ పడేది. యాభై ఏళ్ళు నాకు కుదురు లేదనుకుంటూ బతికాను. అది నా పుట్టుకలోనే ఉన్న లోపమనుకున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా ముందే చెప్పాను మా ఆవిడకి.

అక్కడితో అయిపోతే బాగుండేది. బల్ల అంచు కింద చెయ్యి పెడితే నా వేళ్ళకి ఒక చిన్న గాటు తగిలింది. ఉలితో కొట్టిన గాటు. నేను చేసిన ప్రతి వస్తువుకీ అడుగున ఆ గాటు పెడతాను. ఆ బల్లలు నావే! మూడేళ్ళ క్రితం స్కూలుకి అరవై బల్లలు చేశాను. "అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, వరుస చూడముచ్చటగా ఉండాలి" అన్నారు. పెద్ద పిల్లలకి సరిపోయే ఎత్తు, పదిహేడంగుళాలు వేశాను. దారం పట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా రాలేదు. ఎంత పొంగిపోయానో! ఎవరు కూర్చుంటారని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను పడేసిన గోతిలోకే ఇంకొకళ్ళ పిల్లని నా చేతులతో తోశాను. సిగ్గుతో చచ్చిపోయాను. కిటికీ రెక్క అలాగే వదిలేసి ఇంటికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే మా ఆవిణ్ణి ఫారం తియ్యమన్నాను. "విద్యా ప్రాధాన్యాలు. రాయి. పిల్లల కాళ్ళు నేలకి ఆనాలి."

"ఇంకా?"

"అంతే."

అది గోడకెక్కిన రోజునుంచీ నన్ను పట్టుకుని ఆడుకున్నారు. పుస్తకాల షాపావిడ రోడ్డవతలి నుంచి, "మేస్త్రీగారూ, మీ కాళ్ళు నేల మీదే ఉన్నాయా, మెంబరయ్యాక గాల్లో తేలుతున్నాయా?" అని కేక పెట్టేది. డాక్టరు మరీ. తన దగ్గరకొచ్చిన ప్రతి రోగికీ చెప్పుకున్నాడట. నవ్వుకోనీ అనుకున్నాను. నాకు పని ఉంది.

హెడ్ మేడంకి ముందే చెప్పాను, బల్ల ఎత్తు వల్లే ఇదంతా అని. ఆవిడ మంచిదే. కానీ, "మేస్త్రీగారూ, మిగతా ముప్ఫై ఏడు మందీ అవే బల్లల మీద కూర్చుంటున్నారు కదా. అధ్యక్షుడు ఇదే అడుగుతారు. మీరేం చెబుతారు?" అంది. నోటితో చెప్పలేనిది చేతితో చెప్పడం తప్ప నాకు ఏం వచ్చు? పదకొండున్నర మోకాలికి పదిహేడు బల్ల అంటే ఒకటిన్నర రెట్లు. పెద్దవాళ్ళ మోకాలు పదిహేడు. దానికి ఒకటిన్నర రెట్లు కడితే ఇరవై అయిదు. నాలుగు రోజులు కూర్చుని, కాదు, నిలబడి, ఇరవై అయిదంగుళాల ఎత్తున పొడుగాటి బల్లలు రెండు చేశాను. పాత దూలం చెక్క, గట్టి బిగింపులు. పడిపోతే నా మాట కూడా పడిపోతుంది.

శనివారం మూడింటికే వెళ్ళి మీటింగు గదిలో కుర్చీలు బయట పెట్టేసి నా బల్లలు వేశాను. టేబుల్ కాళ్ళ కింద దిమ్మలు పెట్టి అదీ లేపాను.

నాలుగింటికి అందరూ వచ్చారు. "ఇదేంటండీ, కుర్చీలేవి?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

"పాలిష్ పెట్టాలండీ. ఈ ఒక్క పూట సర్దుకోండి" అన్నాను. అబద్ధం. అయితే ఆ తర్వాత నిజంగానే పాలిష్ పెట్టాను, కాబట్టి అర అబద్ధమే.

ఎక్కి కూర్చున్నారు. హెడ్ మేడం నాకేసి ఒకసారి, బల్లకేసి ఒకసారి చూసింది. మొదటి అంశం తాగునీటి కుళాయిలు. పుస్తకాల షాపావిడ అయిదో నిమిషంలో ఒక కాలు మడిచి కింద పెట్టుకుంది. డాక్టరు ముందుకి జరిగాడు, వెనక్కి జరిగాడు, తొడ కింద చెయ్యి పెట్టుకున్నాడు. రెండో అంశం పుస్తకాల బీరువా. డాక్టరు లేచి కిటికీ దగ్గరకెళ్ళి బయట ఏదో ఉన్నట్టు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఒక్క స్టేషన్ మాస్టరు మాత్రం నిటారుగా, కదలకుండా కూర్చున్నాడు. ఈయన ఓర్చుకుంటే నా పని అయిపోయినట్టే, బొంగరం తమ్ముడి పక్కకి పోయినట్టే.

మూడో అంశం వచ్చింది. ఆయన కాగితం తీశాడు. "కుదురు లేదు" అని చదువుతూ ఉండగా టపీమని చప్పుడైంది. ఆయన చెప్పు కాలినుంచి జారి కింద పడింది. తీసుకోవడానికి దిగబోయి, తిమ్మిరెక్కిన కాలు నేల మీద నిలవక, టేబుల్ పట్టుకుని ఒక చుట్టు తిరిగాడు.

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను నవ్వలేదు. "ఏమయిందండీ?" అన్నాను.

"కాలు... తిమ్మిరి."

"ఎంతసేపయింది?"

అలవాటు కొద్దీ వాచీ చూశాడు. "ఇరవై రెండు నిమిషాలు."

"ఆ పిల్ల రోజుకి అయిదు గంటలు కూర్చుంటుంది" అన్నాను. "పదకొండున్నర అంగుళాల కాలు, పదిహేడంగుళాల బల్ల. మీకూ ఇప్పుడు అదే లెక్కన వేశాను, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ బల్లలు చేసిన వెధవని నేనే. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి."

స్టేషన్ మాస్టరుకి రోషం వచ్చింది. ఒంటికాలి మీద నిలబడే అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. మిగతా పిల్లలు కూర్చోవడం లేదా?"

"కూర్చుంటున్నారు. మీరూ కూర్చున్నారుగా, ఇరవై రెండు నిమిషాలు. కుళాయిల సంగతి ఏం తీర్మానించారో చెప్పండి."

ఆయన పుస్తకాల షాపావిడకేసి చూశాడు. ఆవిడా తల అడ్డంగా ఊపింది. ఒక్కరికీ గుర్తు లేదు.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదండీ" అని డాక్టరు మెల్లగా అందుకోబోయాడు.

నాకు మండిపోయింది. టేబుల్ మీద ఒక్క గుద్దు గుద్దాను. "నలభై ఏళ్ళుగా కర్రతో బతుకుతున్నాను. నాకు చెప్పకండి కర్ర సంగతి! ఏ కర్రనీ వంచరు. కొలుస్తారు. కొలిచి దానికి తగ్గట్టు చేస్తారు. అసలు కుదురంటే ఏమిటండీ? కుండ కింద పెట్టే చుట్ట. గుండ్రటి కుండని ఉత్త నేల మీద పెడితే దొర్లుతుంది. అప్పుడు కుండని తిడతామా? పక్కింటికి పంపించేస్తామా? ఒక గుడ్డ చుట్టి కింద పెడతాం. కుదురనేది కుండ కడుపులో ఉండదండీ. కింద మనం పెట్టేది అది. ఆ పిల్లకి కుదురు లేదని రాశారు. నిజమే, లేదు. మనం పెట్టలేదు!"

నాకు తెలియకుండానే లేచి నిలబడి ఉన్నాను. డాక్టరు తన కాళ్ళకేసి చూసుకుంటూ, "నా దగ్గర రోగులు పడుకునే కుర్చీకి కాళ్ళు పెట్టుకోవడానికి పలక ఉంటుంది. అది లేకపోతే మనిషి నోరు కూడా సరిగ్గా తెరవడు" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

హెడ్ మేడం అంది, "చేతులెత్తుదామా? పిల్ల రెండో క్లాసులోనే ఉండాలన్నవాళ్ళు?" నేను, ఆవిడ, షాపావిడ, డాక్టరు. నాలుగు చేతులు. స్టేషన్ మాస్టరు చెప్పు తొడుక్కుంటున్నాడు. తొడుక్కున్నాక అయిదో చెయ్యి లేచింది. "ముందు నాకు ఒక కుర్చీ తెప్పించండయ్యా" అన్నాడు.

ఆ ఆదివారమంతా రెండో క్లాసు గదిలోనే గడిపాను. నేను బిగించిన బల్లల కాళ్ళు నేనే కోశాను. పంతొమ్మిది బల్లలు, పంతొమ్మిది డెస్కులు, ఒక్కోదానికి నాలుగు కాళ్ళు, అయిదున్నర అంగుళాల చొప్పున. మొదటి కాలు మీద రంపం పెడుతుంటే చెయ్యి ఆడలేదు. రెండోదానికి ఆడింది. పదో బల్ల దగ్గర ఈల వేస్తున్నాను. కోసిన ముక్కల్ని ఒకటో క్లాసు టీచరు లెక్కలు నేర్పడానికి పట్టుకుపోయింది. ఒకటో క్లాసు బల్లలు వచ్చే ఆదివారానికి అని చెప్పాను.

బొంగరం మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటికీ లేస్తుంది. పుట్టుకతోనే కొంత బొంగరం అది. కానీ మూడు రోజుల తర్వాత టీచరు నన్ను ఆపి చెప్పింది, పాఠమంతా కూర్చుని విని, అయిపోయాక ఒకేసారి లేచి తిరుగుతోందని. "ఇంకో సంగతి" అంది. "క్లాసులో గోలే తగ్గిపోయింది మేస్త్రీగారూ. మిగతావాళ్ళకి కూడా ఇబ్బందేనేమో. వాళ్ళు చెప్పలేదంతే." ఇస్త్రీ షాపు ముందునుంచి వెళ్తుంటే బొంగరం వాళ్ళమ్మ బయటికొచ్చి నా చొక్కా చూసి, "అన్నయ్యా, అదేం చొక్కా? విప్పండి, రెండు నిమిషాల్లో ఇస్తాను" అంది. రోడ్డు మీద బనీనుతో నిలబడ్డాను, బోర్డు మెంబరుని. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ సాయంత్రం ముగ్గురం అన్నాల దగ్గర కూర్చున్నాం. అమ్మ అడిగింది, "ఇంతకీ ఆ పిల్ల ఎందుకు లేచేదిరా?" మా ఆవిడకి చెప్పినట్టు అమ్మకి ఎవరూ వివరంగా చెప్పలేదు. చెప్పాను. కాలి కొలత, బల్ల కొలత, చీమలు పాకడం, అన్నీ.

అమ్మ ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది. "నువ్వూ ఇలాగే లేచేవాడివి."

"అవునమ్మా."

"నీకూ అందేవి కావా?"

"అందేవి కావమ్మా."

"నాలుగేళ్ళూనా?"

"అయిదు. నాలుగో క్లాసే రెండేళ్ళు చదివాను కదా."

"మరి చెప్పలేదేంరా వెధవా!" అని అరిచింది. "నోరు పడిపోయిందా? ఎన్ని దెబ్బలు కొట్టాన్రా నిన్ను! కాళ్ళు అందట్లేదమ్మా అని ఒక్క ముక్క చెబితే నేనే వెళ్ళి ఆ బల్ల కాళ్ళు విరగ్గొట్టి వచ్చేదాన్ని కదరా!"

"నాకేం తెలుసమ్మా" అన్నాను. "బల్లంటే అలాగే ఉంటుందనుకున్నాను. అందరికీ నొప్పి పుడుతుంది, అందరూ ఓర్చుకుంటున్నారు, నేనొక్కణ్ణే ఓర్చుకోలేకపోతున్నాననుకున్నాను."

మా ఆవిడ నీళ్ళ గ్లాసు అమ్మ ముందుకి జరిపింది. అమ్మ అది ముట్టుకోలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. యాభై ఏడేళ్ళవాడు అమ్మ ముందు ఏడవడం ఏం బాగుంటుందని లేవబోయాను.

"కూర్చోరా" అంది. ఆ మాట ఆవిడ నోట వెయ్యిసార్లు విన్నాను గాని, ఇలా ఎప్పుడూ వినలేదు. చెయ్యి చాచి నా మోకాలి మీద వేసింది. "కాసేపు నా దగ్గర కూర్చో."

ఆవిడ చెయ్యి తీసేదాకా నేను కదల్లేదు.